గిటారు మామయ్య

తమ్ముడికి అక్క దీవెనలు.

నా కూతుర్ని చంపాడంటున్నవాణ్ణి మీ చానల్లో రోజూ చూపిస్తున్నారు. వాడి గిటారు, వాడి ర్యాంకులు, వాడు పెంచుకున్న కుక్క. పేషెంట్లంతా పేరుపెట్టి పిలుచుకునే నర్సు, నీ మేనకోడలు మాత్రం మీ వార్తల్లో ‘ఓ మహిళ’.

నిన్న మందుల షాపు టీవీలో వాణ్ణి చూసి మనవరాలు చెయ్యి ఊపింది.

“అమ్మమ్మా, గిటారు మామయ్య!”

షాపాయన గబుక్కున టీవీ కట్టేస్తే, మళ్లీ పెట్టమని ఏడ్చింది. మూడేళ్లది, దానికేం తెలుసు? అమ్మ ఎలా ఉంటుందంటే ఆలోచిస్తోంది, వాణ్ణి మాత్రం ఇట్టే గుర్తుపడుతోంది.

చిన్నవాడివైనా నీ కాళ్లు పట్టుకుంటాను. నువ్వు తీసిన వీడియోలో నా చిట్టితల్లి పగలబడి నవ్వుతుంది కదా, అది ఒక్కసారి వెయ్యమని మీ ఎడిటరుగారిని అడుగు. కుదరదంటే, వాడి మొహమైనా ఆపమను. పిల్ల వాణ్ణి చూస్తూ పెరుగుతోందిరా.

మీ అక్క