తల పట్టుకునే పని

అవ్వా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీ కొడుక్కు పట్నంల కండ్ల డాక్టర్ పక్కన నిలబడి పని చూసే మోకా దొరికింది. ఇగ ఫికర్ చెయ్యకు.

ఇబ్రహీంపట్నం నుంచి నాలుగుసార్లు పోయిన. మూడుసార్లు దవాఖాన వాకిట్లనుంచే ఎల్లగొట్టిండ్రు. నాలుగోసారి డాక్టర్ సాబే బయటికొచ్చి, నేనేం పని చేస్తనో తెలుసుకొని, "ఊర్ల దెబ్బలకు పట్టీలు కట్టేటోనివి, నీకు కండ్ల పని ఎందుకు?" అని అడిగిండు. అబద్ధం చెప్పబుద్ధి కాలే.

"మా అవ్వకు కన్ను ఎర్రబడితే ఊరి వైద్యుడు ఆకు పసరు పోసిండు సాబ్. మంటకు కొట్టుకుంటుంటె తల కదలకుండ పట్టుకున్నది నేనే. ఆ కన్ను పోయింది. అవ్వ నన్ను ఒక్క మాట అనలే."

ఆయన నా చేతులు తిప్పి చూసిండు. "రేపు పొద్దుగాల రా. గోర్లు కత్తిరించుకొని రా" అన్నడు.

తెల్లారి ఒక ముసలమ్మకు కంటిపొర తీస్తుండ్రు. నాకు చెప్పిన పనేందో ఎరికేనా? తల కదలకుండ పట్టుకునుడు. రెండు చేతులతోని అదిమి పట్టిన. "గట్టిగ కాదు, మెత్తగ పట్టు" అన్నడు డాక్టర్. మెత్తగనే పట్టిన. ముందుగాల మందు చుక్కలేసిండ్రు గదా, ఆమె కొట్టుకోలే అవ్వా. అసలు కదల్లే.

నిన్న కట్టు విప్పిండ్రు. ముసలమ్మ రెప్పలు కొట్టుకుంట నా దిక్కు చూసి, "బిడ్డా, నీ అంగికి గుండీ ఊడింది, కుట్టించుకోరాదు?" అన్నది.

పానం నిమ్మళమైంది అవ్వా. గుండీ మాత్రం ఇంకా కుట్టించుకోలే.