ఆకలి తీరిన వేర్లు

అత్తయ్యా,

ఫోన్‌లో మీ గొంతు వింటే నాకు నోరు పెగలదని ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రతి ఆదివారం మీరు "వాడి మొక్కలెలా ఉన్నాయే?" అంటారు. నేను "నిక్షేపంగా ఉన్నాయి" అంటాను. అది అబద్ధం కాదు. మొక్కలు నిజంగానే నిక్షేపంగా ఉన్నాయి. చచ్చిపోయింది మీ అబ్బాయి పెంచిన బూజు.

బూజంటే రొట్టె మీద పట్టేది కాదు. మొక్క వేరులోకి దూరి అక్కడే కాపురం పెట్టే రకం. అది వేరుకి భాస్వరం తెచ్చిస్తుంది, వేరు దానికి చక్కెర పెడుతుంది. వేరు లేకపోతే దానికి బతుకే లేదు. మీ అబ్బాయి దాన్ని ఒక గుట్ట మీది మట్టిలోంచి ఏరి తెచ్చి, మా ల్యాబ్‌లో మరే క్రిమీ సోకకుండా, గాజు సీసాల్లో జెల్లీ మీద, చిట్టి మొక్కలతో కలిపి పెంచారు. ఆ గుట్టని తర్వాత కంకర కోసం కొట్టేశారు. మాకు తెలిసినంతలో ఆ బూజు మా సీసాల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

దానికో షరతుంది. మొక్కని అర్ధాకలితో ఉంచాలి. జెల్లీలో భాస్వరం ఎక్కువైతే వేరుకి బూజుతో పని ఉండదు, లోపలికి రానివ్వదు, ఉన్నదానికీ తిండి ఆపేస్తుంది. అందుకే ఆ మొక్కలు ఎప్పుడూ పాలిపోయి ఉండేవి. "పెళ్లాన్ని కూడా ఇలాగే మాడుస్తారా ఏంటి?" అని నేను వేళాకోళం చేసేదాన్ని.

ఆయన పోయాక నేను మీ దగ్గరున్న రోజుల్లో, పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్దాయన సీసాలు చూసుకున్నారు. పెద్దాయన పెంచేది అరటి పిలకలు. ఆ బల్ల మీద మొక్క పాలిపోయిందంటే తిండి చాలలేదనే అర్థం. "అయ్యో, మనిషి పోయాడని ఇవి కూడా దిగులు పెట్టుకున్నాయి" అనుకుని పాత జెల్లీ పారేసి అన్నింటినీ బలమైన జెల్లీలోకి మార్చేశారు. ఒక్కటీ మిగల్చలేదు, అంత ప్రేమ! నేను తిరిగి వెళ్లేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చి, "చూడమ్మా, ఎంత పచ్చగా ఉన్నాయో!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అలాంటి మనిషిని ఏమని తిట్టను?

వేర్లు కత్తిరించి, నీలం రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. బూజుంటే వేరు లోపల చిన్న చిన్న చెట్లు మొలిచినట్టు కనిపించాలి. ఏమీ లేదు. కొన్ని మొక్కల్ని మళ్లీ పాత రకం జెల్లీలోకి మార్చి, పస్తు పెట్టి, ఎదురుచూశాను. నిన్న చివరి సీసా కూడా చూసేశాను. అయిపోయింది అత్తయ్యా. ఆయన మళ్లీ పోయినట్టే ఉంది. చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేశాను.

అసలు బాధ ఇంకోటుంది, అదీ చెప్పేస్తాను. మీరు ఎప్పుడూ మొక్కల సంగతే అడుగుతారు. నేను తిన్నానో లేదో, ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఎలా ఉంటున్నానో ఒక్కసారీ అడగలేదు. పిల్లాజెల్లా కూడా లేనిదాన్ని. మీకూ నాకూ మధ్య ఆ సీసాలే మిగిలాయనుకున్నాను. అందుకే ఇన్నాళ్లూ దాచాను. ఇప్పుడు అవీ లేవు. ఉద్యోగం మానేస్తున్నాను. ఇకమీదట ఆదివారాలు మీరు ఫోన్ చేయకపోయినా నేనేమీ అనుకోను.

మీ కోడలు
(ఇంకా అలా రాసుకోవచ్చంటే)

*

ఒసేయ్ పిచ్చిదానా,

నీ ఉత్తరం కళ్లజోడు వెతుక్కుని మరీ చదివాను. ఆ భాస్వరం గొడవ ఒక్క ముక్క తలకెక్కలేదు. వాడు చెప్పినప్పుడూ ఎక్కలేదు. "అందరూ ఇంట్లో బూజు దులుపుకుంటుంటే నువ్వు పెంచుతావేంట్రా!" అని నవ్వేదాన్ని.

మరి మొక్కల సంగతి ఎందుకడిగానంటావా? "ఎలా ఉన్నావే" అంటే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను ఆగలేను. ఇక్కడ నేనూ ఒక్కదాన్నే కదా, మొదలుపెడితే ఆపేదెవరు? అందుకని మొక్కల మీద పెట్టి మాట్లాడేదాన్ని. నువ్వు "నిక్షేపంగా ఉన్నాయి" అంటుంటే మాట కాదు, గొంతు వినేదాన్ని. గొంతు కాస్త గట్టిగా ఉంటే ఆ పూట నాకు ముద్ద దిగేది. లేకపోతే లేదు. మొక్కలు పచ్చగా ఉంటే నాకేంటి, ఎండితే నాకేంటి?

నిన్ను ఓదార్చడానికి నా దగ్గర ఏమీ లేదే. వాడు రాడు. నువ్వు చెప్పేదాన్ని బట్టి ఆ బూజూ రాదు. వాడి కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైందని తలుచుకుంటే కడుపు మండిపోతోంది. ఆ పెద్దాయన్ని నాలుగు తిట్టాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. నువ్వూ ఏమీ అనకు. ఉద్యోగం ఉంచుకుంటావో మానతావో నీ ఇష్టం. కానీ కోడలని రాసుకోవడానికి నన్ను పర్మిషన్ అడుగుతావా? కొడుకు పోతే కోడలూ పోతుందని ఎవరు చెప్పారే నీకు? ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

ఆదివారం ఫోన్ చేస్తాను. "ఎలా ఉన్నావే" అనే అడుగుతాను. నువ్వు ఏడువు. నేనూ ఏడుస్తాను. ఎవరమూ ఆపుకోవద్దు.

నీ అత్తయ్య