బ్లాక్‌లో ఉద్యోగం

బుధవారం, ధూల్‌పేట్

నేను చెబుతున్నాను, నా బిడ్డ సుశీల రాస్తోంది. తనకు గ్రామసేవిక ఉద్యోగం వచ్చింది. సోమవారం బ్లాక్ ఆఫీసులో చేరాలి. సంగతి తెలిసి సాయంత్రం మా మరిది ఇంటి మీదికొచ్చాడు.

"ఏంది వదినా, ఆడపిల్లతోని బ్లాక్ దందా చేయిస్తవా? మన ఇజ్జత్ ఏం గావాలె?"

సినిమా టికెట్ల బ్లాక్ అనుకున్నాడు! సుశీలకు నవ్వాగలేదు.

"చిన్నబాపూ, కొన్ని ఊళ్లు కలిపితే బ్లాక్ అంటరే. గది సర్కారు ఆఫీసు."

అయినా తగ్గలేదు. "గట్లయితే ఇంకా నామోషి. ఊరూరు తిరిగి సేవ జేసుడేంది? రేపు దీన్నెవడు చేసుకుంటడు?"

"ఇన్నేండ్లు బర్ల పేడ ఎత్తిన. గది సేవ గాదా? నువ్వు పాలు తాగినప్పుడు నామోషి గాలేదా?" అన్నాను.

సుశీల చేరితే మా గడప తొక్కనన్నాడు. తొక్కకన్నాను.

అతను వెళ్లాక మాత్రం గుబులు మొదలైంది. తెలియని ఊరు, ఒక్కతే పిల్ల, చీకటి పడితే ఎవరున్నారు... ఇది కూడా రాయాలా అమ్మా అని అడుగుతోంది. రాయవే. సోమవారం నిన్ను బస్సెక్కించేది నేనేనని కూడా రాయి.