తాడు చేతికి చుట్టుకోవద్దు

ఇద్రిస్ వాళ్ళ నాన్నా,

శుక్రవారం కదా, రొట్టె, అంజీర పళ్ళు పంచడానికి మన ఇద్రిస్ సమాధి దగ్గరికి వెళ్తున్నాను. మీరు నిద్రలో ఉంటే లేపబుద్ధి కాలేదు. బార్లీ రొట్టె గుడ్డలో చుట్టిపెట్టాను, తినండి.

షహ్బాకి లాడాలు కొట్టడానికి హమ్మూ వస్తాడు. దాన్ని పట్టుకోవడానికి ఇవాళ మీరు తప్ప ఎవరూ లేరు. వాడు పోయాక మీరు ఆ గుర్రం దగ్గరికి వెళ్ళడం ఇదే మొదలు. తాడు చేతికి చుట్టుకోవద్దు. మడతలు పెట్టి, మడతల మీదుగా గుప్పిట బిగించండి. దాని ముఖపట్టీ రింగులో వేళ్ళు దూర్చొద్దు. బెదిరి లాగితే వదిలెయ్యండి. గుర్రం పోతే పోనివ్వండి.

ఆ రోజు తిరునాళ్ళలో, ఆనవాయితీగా వేడుకకి తుపాకులు పేల్చేముందు, మీరే అందరూ నవ్వేలా అన్నారు. "తాడు జారవిడిచినవాడు వాళ్ళమ్మ ముసుగేసుకుని ఆడాళ్ళలో కూర్చోవాల్రా!" వాడూ నవ్వాడు. "చూస్తూ ఉండు నాన్నా" అంటూ తాడు మణికట్టుకి చుట్టుకున్నాడు. తుపాకులు పేలగానే షహ్బా వాణ్ణి ఈడ్చుకుపోయింది.

ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇవాళ రాస్తుంటే చెయ్యి ఆగలేదు.

రహ్మా

వాడి తోలు గ్లౌజులు గుమ్మం పక్క మేకుకి ఉన్నాయి. చిరిగిన కుడి అరచేయి కుట్టాను. వేసుకోండి, మీకు సరిపోతాయి. పోయిన పండక్కి ఇద్దరూ అరచేతులు ఆనించి చూసుకున్నారుగా, ఒక్క వేలు కూడా తేడా లేదు. వాడి చేతులు ఇక ఈ ఇంట్లో మీ దగ్గరే ఉన్నాయి.