కల్నల్ గుడ్లు

కాల్యారి, సార్దీనియా
జూన్ 26

బొనారియక్కా,

నీ కాలి కట్టు ఎలా ఉంది? దురద పుడితే అల్లికసూది లోపలికి దూర్చి గోక్కోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నువ్వు దూర్చే ఉంటావు, నాకు తెలుసు.

ఇక్కడొక వింత జరిగింది. కూర్చుని చదువు. నువ్వెలాగూ లేవలేవనుకో. చెర్రీచెట్టు మీంచి పడ్డ రోజున "నా కాలు పోతే పోయింది, నా తాబేలుకి తిండి ఎవరు పెడతారే" అని ఊరంతా వినబడేలా ఏడ్చావు. సరేనని పళ్ళబుట్టలో పెట్టుకుని బస్సులో మా ఇంటికి తెచ్చుకున్నానా? ఆ మన కల్నల్, నిన్న మధ్యాహ్నం నా టమాటా మడిలో వెనక్కాళ్ళతో గొయ్యి తవ్వి, నాలుగు గుడ్లు పెట్టాడు!

ముప్పై ఏళ్ళుగా అమ్మా, నువ్వూ, నేనూ, పోస్టుమాను కూడా "గుడ్ మార్నింగ్ కల్నల్" అన్న మహానుభావుడు ఆడదక్కా!

మడిలో వదిలేస్తే పిల్లులు తవ్వి తినేస్తాయి. అందుకని బిస్కెట్ డబ్బాలో తడి ఇసుక పోసి, గుడ్లు అందులో పెట్టి, పైన నాచు కప్పి, చిన్న బల్బు వెలిగించాను. నేనే పొదిగిస్తాను.

నీ చెల్లెలు,
ఎఫీసియా

తా.క. ఇకనుంచి కల్నలమ్మ అని పిలవనా? పిలిస్తే తల లోపలికి లాక్కుంటోంది.

ఊళ్ళో, మంచం మీదనుంచి
జూన్ 30

ఎఫీసియాకు అక్క రాసేది.

కళ్ళజోడు కనబడక నీ ఉత్తరం మల్లేనా చేత రెండుసార్లు చదివించుకున్నాను. పక్కింటి మనిషి ముందు నా పరువు రెండుసార్లు పోయింది.

ముప్పై ఏళ్ళు నా పెరట్లో తిన్నాడు. నా పాలకూర, నా అంజూరపళ్ళు, పండగ రోజున పుచ్చకాయ. నాకు ఒక్కటంటే ఒక్క గుడ్డు కనబడలేదు. నీ ఇంట మూడు వారాలు ఉండేసరికి నాలుగా? నన్ను వెర్రిదాన్ని చెయ్యకు. నా కల్నల్‌ని పోగొట్టి సంతలో ఇంకోదాన్ని కొన్నావు. డొప్ప వెనక అంచున, తాడు కట్టడానికి అమ్మ వేసిన చిల్లు ఉందో లేదో చూసి నిజం రాయి.

నిజంగా గుడ్లే అయితే రోజుకు రెండుసార్లు తిప్పు. పెట్ట అలాగే తిప్పుతుంది. పొదిగించడంలో ఈ ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరు. నువ్వు జీవితంలో బన్ను తప్ప ఏదీ వెచ్చబెట్టలేదు.

అక్క,
బొనారియా

తా.క. అది పెరట్లో సన్యాసిలా బతికింది. ఏం జరిగినా మీ సిటీలోనే జరిగి ఉండాలి.

కాల్యారి, జులై 6

అక్కా,

చిల్లు ఉంది. అమ్మ వంకరగా వేసిన చిల్లే.

నీ మాట వేదవాక్కు అనుకుని నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం గుడ్లు తిప్పాను. మందులషాపు అన్సెల్మోని థర్మామీటరు అడుగుదామని వెళ్ళి మాటల్లో చెప్పాను. ఆయన చేతిలో సీసా జారి పడింది. "అమ్మా, అది కోడి కాదు! తాబేలు గుడ్డు ఎలా పెట్టిందో అలాగే ఉంచాలి. పైభాగం కిందకి తిరిగితే లోపలి పిల్ల ఊపిరాడక చస్తుంది!" అని షాపులో ఉన్న అందరి ముందూ అరిచాడు.

ఒక గుడ్డు అప్పుడే పాడై కంపు కొట్టింది. పారేశాను. మిగిలిన మూడింటికీ పైన పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. ఇక ఊపిరి కూడా వాటి పక్కకి తిరిగి వదలను.

నిజం చెప్పు. నా ఇంట్లో పుడుతున్నాయన్న కుళ్ళుతోనే తిప్పమన్నావు కదూ?

ఎఫీసియా

తా.క. అన్సెల్మో రోజూ షాపు మూశాక వచ్చి థర్మామీటరు చూసి వెళ్తున్నాడు. తాబేలు ఒక్కసారి మగదాన్ని కలిస్తే నాలుగేళ్ళ దాకా గుడ్లు పెట్టగలదట. సిటీ మీద నింద వెయ్యకు.

ఊళ్ళో, జులై 11

ఎఫీసియా,

నేను హంతకురాలినా? కోళ్ళకి తిప్పుతాను కాబట్టి తిప్పమన్నాను. నలభై ఏళ్ళుగా నా చేతిమీద పుట్టిన కోడిపిల్లల్ని వరసగా నిలబెడితే మీ కాల్యారి రేవు దాకా వస్తాయి.

ఆ అన్సెల్మో రోజూ వచ్చేది గుడ్ల కోసమా, నీ కాఫీ కోసమా? భార్య పోయినవాడికి థర్మామీటరు చూడ్డానికి అరగంట పడుతుందా?

ఇంకోమాట. ఆవు ఎవరిదో దూడ వాళ్ళది. ఈ కొండల్లో తాతలనాటి నుంచీ అదే న్యాయం. కల్నల్ నాది. మూడు పిల్లలూ నావి. కట్టు విప్పాక వచ్చి తీసుకెళ్తాను.

బొనారియా

తా.క. మల్లేనా నవ్వు ఆపడంలేదు. ఆవిడ మగతాబేలు గోడ కింద కన్నంలోంచి మా పెరట్లోకి ఏళ్ళతరబడి వస్తోందట. ఇప్పుడు చెబుతోంది.

కాల్యారి, ఆగస్టు 4

అక్కా,

ఆవు నీదే. ఎప్పుడూ నీదే. అమ్మ పోయినప్పుడు ఇల్లు నీకు, పెరడు నీకు, కల్నల్ నీకు. నాకు కుట్టుమిషను వచ్చింది, అదీ పెడలు లేనిది. నేనేమైనా అన్నానా? బస్సెక్కి వచ్చేశాను. అమ్మ ఉన్న రోజుల్లో కల్నల్‌కి నేను డాండెలియన్ ఆకు పెడితే నువ్వు లాక్కుని నీ చేత్తో పెట్టేదానివి. గుర్తుందా?

నలభై రోజులుగా పొద్దున్నే లేచి ముందు ఆ డబ్బా చూస్తున్నాను, ఆ తర్వాతే నా మొహం. ఇసుక ఆరితే గుడ్డు మీద పడకుండా అంచుల్లో చుక్కచుక్కగా నీళ్ళు పోస్తున్నాను. వేడి ఎక్కువైతే బల్బు ఆపి విసనకర్రతో విసురుతున్నాను. ఇన్నాళ్ళకి ఒక్కసారి నా దగ్గర ఏదో పుట్టబోతోంది. అది కూడా నీకు కావాలా?

ఇకనుంచి నీకు ఉత్తరం రాయను.

ఎఫీసియా

తా.క. ఆయన కాఫీలో మూడు చెంచాల చక్కెర వేసుకుంటాడు. నీకు అక్కర్లేదనుకో, అయినా చెబుతున్నా.

కాల్యారి, సెప్టెంబరు 9

అక్కా,

రాయనన్నాను. రాస్తున్నాను.

డెబ్భై ఆరు రోజులు. ఏమీ రాలేదు. అన్సెల్మో వచ్చి, గుడ్లు కదపకుండా పక్కనుంచి టార్చి వేసి చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు. చావింట్లో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు.

వీధి వీధంతా చెప్పుకున్నాను. రొట్టెల దుకాణం ఆవిడ రోజూ "అమ్మమ్మవయ్యావా?" అని అడుగుతోంది. ఇవాళ వేరే దుకాణంలో కొన్నాను. అక్కడి రొట్టె బాగోదు.

డబ్బా తియ్యడానికి చేతులు రావడంలేదు.

ఎఫీసియా

ఊళ్ళో, సెప్టెంబరు 12

ఎఫీసియా,

కట్టు తీసేశారు. కాలు వంకాయ కాడలా ఉంది. గురువారం పదకొండింటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతాను. భోజనానికి హంగామా చెయ్యకు. గొర్రెపాల చీజు నేను తెస్తాను, మీ ఊళ్ళోది సబ్బుముక్కలా ఉంటుంది.

డబ్బా పారెయ్యకు. నువ్వంతగా గొప్పలు చెప్పిన ఆ గుడ్ల మొహం ఒకసారి చూడాలి.

బొనారియా

తా.క. నేను వచ్చినప్పుడు ఆ మందులవాణ్ణి కూడా పిలు. నాకు చూడాలని కాదు.

కాల్యారి, సెప్టెంబరు 20

అక్కా! అక్కా! అక్కా!

నిన్ను బస్సెక్కించి ఇంటికొచ్చి డబ్బా మూత తీద్దును కదా, రెండు! నాచు మీద రెండు పిల్లలు! ఒక్కోటి వాల్‌నట్ కాయంత. ఒకటి నన్ను చూసి ఆవలించింది కూడా!

నువ్వు ఒక్క గంట ఆగి ఉంటే చూసేదానివి. నీకు రాసిపెట్టి లేదు, ఏం చేస్తాం. ముప్పై ఏళ్ళు నీ పెరట్లో జరగనిది నా బిస్కెట్ డబ్బాలో జరిగింది. ఎవరి చేతి గుణం వాళ్ళది. కోడిపిల్లలంటే ఎవరైనా పొదిగిస్తారు. మూడోది కూడా వస్తుందేమోనని నాచు కదపకుండా ఉంచాను. రొట్టెల దుకాణం ఆవిడకి వెళ్ళి మరీ చెప్పాను.

విజయవంతురాలైన
ఎఫీసియా

తా.క. బాధపడకు. సెలవుల్లో వచ్చి చూసుకోవచ్చు. ముందు ఉత్తరం రాసి రా.

ఊళ్ళో, సెప్టెంబరు 24

ఎఫీసియా,

సంతోషం. నీ చెయ్యి మంచిది. ఈ మాట మళ్ళీ రాయించకు.

బొనారియా

తా.క. నీళ్ళు లోతులేని పళ్ళెంలో పెట్టు, మునుగుతాయి. డాండెలియన్ ఆకు సన్నగా తుంపి నీ చేత్తోనే పెట్టు.

కాల్యారి, అక్టోబరు 3

అక్కా,

మొన్న డబ్బా శుభ్రం చేద్దామని నాచు తీశాను. కింద గుడ్లున్నాయి. పెన్సిల్ గుర్తులతో సహా మూడూ ఉన్నాయి. ఒక్కదానికీ చిన్న పగులు కూడా లేదు.

వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాను. మూడు గుడ్లు మూడూ ఉంటే నా రెండు పిల్లలు ఎందులోంచి వచ్చినట్టు?

నిన్న మల్లేనా కంటి డాక్టరు కోసం సిటీకి వచ్చి మా ఇంట్లో భోంచేసింది. నేను అడక్కుండానే చెప్పింది. సెప్టెంబరు మొదటి వానకి నీ పెరట్లో మట్టి చీల్చుకుని ఐదు పిల్లలు బయటికొచ్చాయట. నేను బుట్టలో తీసుకెళ్ళకముందే మే నెలలో కల్నల్ అక్కడ ఒక విడత పెట్టిందన్నమాట. నువ్వు చూడలేదు, తవ్వలేదు, బల్బు పెట్టలేదు. ఉట్టినే పుట్టాయి. "మీ అక్క గంతులెయ్యబోయి కాలు గుర్తొచ్చి ఆగింది" అంది మల్లేనా. నన్ను ఏడిపిస్తూ నాలుగు పేజీల ఉత్తరం కూడా రాశావట. ఈలోగా నా ఉత్తరం వచ్చిందట. నువ్వు రాసింది పొయ్యిలో పెట్టి, రెండు పిల్లల్ని చీజు గుడ్డలో చుట్టుకుని బస్సెక్కావట.

వంటింట్లోకి కాఫీకని నన్ను పంపింది అందుకా? పైగా నేను రాసిన ఆ గొప్పలన్నీ నోరు మూసుకుని చదివి, "నీ చెయ్యి మంచిది" అని రాశావు. నువ్వు! బొనారియావి!

నువ్వు కావాలని తిప్పమనలేదు. నాకు అప్పుడే తెలుసు. కోపంలో అన్నాను.

అన్సెల్మోకి చెప్పలేదు. రొట్టెల దుకాణంలోనూ చెప్పను. మూడు గుడ్లనీ ఒక్క మూటగా చుట్టి టమాటా మడిలో పూడ్చాను. రాని ఆ మూడోదొక్కటే అనుకుని ఆయన మళ్ళీ టోపీ తీశాడు.

నీ చెల్లెలు,
ఎఫీసియా

తా.క. ఒక్కమాట అడుగుతాను, ఏమనుకోకు. ఐదింట్లో నాకు రెండా? మూడు నువ్వే ఉంచుకున్నావా? ఆదివారం ఆ మూడింటినీ పట్టుకుని రా, పక్కపక్కన పెట్టి చూద్దాం. నావే పెద్దవి.