వెనక్కి తీసుకున్న ఒప్పుకోలు

జూన్ 10, మంగళవారం
గురజాల కోర్టులో నేరం ఒప్పుకున్నాను. భర్త పేరు అడిగితే నేను నసిగాను, ఈయనే వెనకనుంచి చెప్పుకున్నాడు.

పోయినేడు మిరప కల్లంలో గొడవ. సుబ్బరత్నమ్మ పిన్ని చెయ్యి విరిగింది. వెనకనుంచి కొట్టింది నా తోడికోడలు బిందు. నేను కర్ర లాక్కున్నాను. పిన్ని తిరిగి చూసేసరికి కర్ర నా చేతిలో ఉంది, కేసు నా మీద పెట్టింది. ఈయన పక్కనే ఉండి అంతా చూశాడు.

ఒప్పుకుంటే ఫైన్‌తో పోద్ది వదినా, వాయిదాలకి ఏం తిరుగుతావ్ అన్నాడు బిందు మొగుడు, మా మరిది సుధాకర్. లాయర్ని పెట్టిందీ తనే. శిక్ష సంగతి 24న చెప్తారట.

ఇంత సుళువా?

జూన్ 13
సుధాకర్ స్వీట్ బాక్స్ తెచ్చాడు. పదేళ్లలో మొదటిసారి.

జూన్ 16
సూపర్‌వైజర్ కరీమున్నీసా మేడమ్ మా అంగన్‌వాడీకి వచ్చారు. పిల్లల బరువులు చూస్తూ కేసు సంగతి అడిగారు. చెప్పాను. పెన్ను పక్కన పెట్టేశారు. ఏందమ్మా, శిక్ష పడితే నీ పోస్టు ఉంటదా, ఒప్పుకోమని ఎవరు చెప్పారు అన్నారు.

పద్నాలుగేళ్ల ఉద్యోగం. ఖాళీ అయితే ఈ ఊరి కోడలికే ఇస్తారు, టెన్త్ పాసై ఉండాలి. బిందు టెన్త్ పాస్.

జూన్ 17
అనుమానం నీకు పుట్టుకతో వచ్చిన జబ్బు అంటాడు ఈయన. ఉండనీ.

జూన్ 18, ఉదయం 7
ఈయన స్నానంలో ఉండగా ఫోన్‌కి సచివాలయం నుంచి మెసేజ్. బిందు పేరున నివాస సర్టిఫికెట్‌కి అప్లికేషన్ అందిందట. అంగన్‌వాడీ పోస్టుకి అడిగే కాగితమే. నంబర్ ఈయనది. అంటే అప్లై చేసిపెట్టింది ఈయనే.

తమ్ముడి మాట కాదనలేడని తెలుసు. నన్ను మాత్రం కాదనుకోగలడని ఇప్పుడే తెలిసింది. బియ్యం కడుగుతూ ఏడ్చాను.

జూన్ 20
మీటింగని చెప్పి నరసరావుపేట వెళ్లాను. కొత్త లాయరు నిఖిత. నిండా ముప్పై లేవు. ఈమెనీ సుధాకరే పంపాడా అని ఒక్క క్షణం అనుమానపడ్డాను. ఇంకా శిక్ష పడలేదు కాబట్టి ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటామని అడగొచ్చు, అనుమతి ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జి ఇష్టం అంది. పిటిషన్ మూడుసార్లు చదివాకే సంతకం పెట్టాను.

జూన్ 24
మరి ఆరోజు ఎందుకు ఒప్పుకున్నావమ్మా అని అడిగారు జడ్జిగారు. ఫైన్‌తో పోద్దన్నారండీ, ఉద్యోగం పోద్దని ఎవరూ చెప్పలేదు, కొట్టింది నేను కాదు అన్నాను. కాగితాలు చానాసేపు తిరగేశారు. చివరికి సరే అన్నారు. ఇక విచారణ జరుగుతుంది.

సుధాకర్ బెంచీ మీదనుంచి లేచి వెళ్లిపోయాడు. బస్సులో ఈయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

జూన్ 25, మధ్యాహ్నం
నిఖిత ఫోన్ చేసింది. కొట్టింది నువ్వు కాదని చూసినవాళ్లెవరైనా ఉన్నారా అంది. ఈయన నా ఎదురుగా అన్నం తింటున్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లకి మొదటిసారి ఈయన పేరు నా నోటితో పలికాను. త్రికోటేశ్వరరావు, రాసుకోమ్మా.