మా ఫ్రిజ్ చూసి ఆపిన సాయం

సంక్షేమాధికారి గారి సమక్షమునకు,
ఫిజీ, నామొలి బస్తీ నివాసి సెరువాయా వోలావోలా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఫోనులో జనం అన్న మాటల మీద మా అమ్మకు నిలిపివేసిన ఆహార సహాయము తిరిగి ఇప్పించుట గురించి.

1. గత నెలలో పేదల వీడియోలు తీసే ఒక యువకుడు మా ఇంటికి వచ్చినాడు. అమ్మ మంచము పట్టి ఉన్నది. ఆమె తల దువ్వబోతే "వద్దక్కా, అలాగే ఉండనీ, జాలిగా ఉంది" అన్నాడు. నా కూతురి బడి బూట్లు విప్పించినాడు. నన్ను ఏడవమన్నాడు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఏదైనా సాయము అందునేమోనని నోరు మూసుకొన్నాను.

2. సదరు వీడియో చూసిన మహాజనులు మా పేదరికమును కొలిచినారు. "ఇంత లావుంది, తిండి లేదంటే నమ్మాలా?" అని నన్ను చూసి ఒకరు. "పక్కనే సముద్రం, చేపలు పట్టుకోలేరా?" అని ఒకరు. మా ఒడ్డున కలిసేది ఊరి మురుగు. చివరకు అమ్మ మంచము వెనుక ఫ్రిజ్‌ను కనిపెట్టినారు.

3. ఆ వెంటనే సహాయము ఆగింది. తమ కార్యాలయమునకు వచ్చి అడిగితే గుమస్తా రొనీల్ గారు ఫోను నా మొహానికి ఆనించినారు.

"ఇదేంటమ్మా, ఫ్రిజ్ కాదూ?"

"ఫ్రిజ్జే బాబూ. మాకు కరెంటెక్కడిది? ఎలుకలు పడతాయని పిండీ బట్టలూ అందులో పెట్టుకుంటాం."

"అంతా అబద్ధమంటున్నారుగా. కింద చూడు, ఎంతమంది రాశారో!"

"వాళ్ళొచ్చారా మా ఇంటికి? నువ్వొచ్చావా?"

"అబ్బో, నోరు! పేదోళ్ళు ఇలా మాట్లాడతారా?"

4. మరునాడు నేనూ తమ్ముడు వేరెమో ఆ ఫ్రిజ్‌ను తోపుడుబండి మీద తెచ్చి, తమ గుమ్మము ముందు దించి, తలుపు తెరిచినాము. వెనుక మోటారు లేదు. లోపల పిండి డబ్బా, అమ్మ తన శవానికి చుట్టేందుకని దాచుకొన్న చాప. ఒక్కరూ వంగి చూడలేదు. అందరూ ఫోన్లు ఎత్తినారు. రొనీల్ గారు కూడా. సాయంత్రానికి ఫోనులో కొత్త తీర్పు వచ్చింది: "ఫ్రిజ్ మోసే ఒంటికి పని చేసుకోవడం చేతకాదా?"

అయ్యా, అసహ్యము వేస్తున్నది. ఆకలి కన్న ఇది రోత. నా కూతురు బడికి పోనని మూల కూర్చున్నది.

కావున తమరు స్వయముగా మా ఇంటికి వచ్చి, అమ్మను చూసి, సహాయము తిరిగి ఇప్పించ ప్రార్థన. ఇది ఫోనులో గాక, తమ కళ్ళతోనే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సెరువాయా వోలావోలా

తా.క.: నిన్న ఆ కుర్రాడు మళ్ళీ వచ్చాడు, ఇంకో వీడియో కావాలంటూ. అమ్మ మంచం మీంచే చీపురు విసిరింది. సరిగ్గా మూతి మీద తగిలింది. అదీ కెమెరాలో పడింది. "ముసలిది దుక్కలా ఉంది" అని జనం రాసేలోపు బయల్దేరండి సార్.